నెత్తి నెత్తి ఆనితే

ఎన్కట మా ఊర్ల పేన్లు లేని ఆడిదాని నెత్తి దొరకాల్నంటే దివిటీ పట్టుకొని తిరగాలె. నవ్వకుండ్రి. మీరు గిట్ల మంట చుట్టు కూసున్నరు గదా, ఒక్క ఫోన్ మీద నాలుగు తలలు ఆనినయి. సందకాడి నుంచి గదే చూస్తున్న. ఆ ఫోన్ జర పక్కకు పెట్టుండ్రి, ఎడం ఎడం జరగుండ్రి. పిడక ఒకటి మంటల ఎయ్యి కొడుకా, పొగ నా దిక్కే వస్తున్నది.

మన పెద్దపిల్ల మొఖం చూడుండ్రి, మూరెడు పొడుగు పెట్టుకున్నది. హాస్టల్ల ఎవరో "పేన్ల దానా" అన్నరంట. అంటే అన్నరు బిడ్డా. నీ వయసుల మమ్ముల అట్ల అనేటోళ్లే లేకుండిరి, ఎందుకంటే అనేదాని నెత్తిల గూడ ఉండె.

మా చిన్నప్పుడు పగటి బువ్వలు తిని, గిన్నెలు తోమి, బర్లు నీడకు చేరినంక ఆడోళ్లకు ఇంత తీరిక దొరికేది. ఆ తీరిక పేన్లకే. యాపచెట్టు కింద అరుగు మీద ఒకరెనక ఒకరు కూసునేటోళ్లు. ఎనకున్నామె ముందామె నెత్తి చూస్తది, ముందామె తన ముందరి దాన్ని చూస్తది. అందరికంటె ఎనక కూసున్న ముసలామె నెత్తి చూసేటోళ్లు ఎవరు మరి? అందుకని వరస అయిపోంగనే ఆమె లేసొచ్చి అందరికంటె ముందర కూసునేది. మా నాయనమ్మ పాయ తీసుడు చూడాలె. ఏళ్లతోని ఎంటికలను ఇటు పక్కకు, అటు పక్కకు మళ్లిచ్చి, మాడు కానొచ్చేదాక ఆగి, చటుక్కున పట్టేది. రెండు బొటనేళ్ల గోర్ల నడుమ పేను టిక్కుమనాలె. ఆ చప్పుడు ఇనకుంటె ఆమెకు పని అయినట్టే కాదు.

ఊరి సంగతులన్ని ఆ అరుగు మీదనే తేలేవి. ఎవరింటికి సంబంధం వచ్చింది, ఎవరి బర్రె ఈనింది, ఎవరు ఎవరికి ఎన్ని సోలల బియ్యం బాకీ. పొద్దటి నుంచి అత్తాకోడండ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకోకున్నా, పగటియాల్లకు కోడలు నెత్తి అత్త ఒళ్లె పెట్టాల్సిందే. అత్త ఒక పాయ తీసుకుంట, "కూరల ఉప్పెక్కువైందన్నందుకు గంత కోపమా?" అనేది. నెత్తి ఆమె చేతుల ఉన్నది గదా, కోడలు లేసి పోలేదు. సగం తగాదాలు గట్లనే సల్లారేవి. మొగోళ్లు అటు రాకపోతుండిరి. ఎవడన్న వచ్చిండంటె మాటలు బంద్, గోర్ల చప్పుడు ఒక్కటే.

దువ్వెన్లు పూసలోళ్లు తెచ్చేటోళ్లు. పూసలామె గంపల పూసలు, పిన్నీసులు, రిబ్బన్లు, చిన్న చిన్న అద్దాలు, రెండు దిక్కుల పండ్లున్న కట్టె దువ్వెన ఉండేది. ఒక దిక్కు పండ్లు ఎడం ఎడం, చిక్కు తీయనీకి. ఇంకో దిక్కు సన్నగ, దగ్గర దగ్గర, పేన్లకు, ఈపులకు. పైసలు లేకుంటె రాలిన ఎంటికలిచ్చినా సరే అనేది. అందుకే ఏ ఇంట్ల చూసినా దువ్వంగ వచ్చిన ఎంటికలను ఉండ చుట్టి చూరుల చెక్కి పెట్టేటోళ్లు. మీకు రోతగ అనిపిస్తది. మాకు అది పిన్నీసుల ఖర్చు.

మొన్న చిన్నోడు ఫోన్ల ఒకటి చూపించిండు, నాకు మస్తు నచ్చింది. ఇజ్రాయెల్ దిక్కు లాఖీష్ అనే పాత పట్నాన్ని తవ్వితే ఏనుగు దంతం దువ్వెన దొరికిందంట, 3,700 ఏండ్ల నాటిది. దానికి గూడ రెండు దిక్కుల పండ్లు! ఒక దిక్కు 6, ఇంకో దిక్కు 14. పండ్లు ఇరిగిపోయినయి గని మొదళ్లు కానొస్తున్నయి. దాని మీద సన్నగ గీసిన అక్షరాలను చదివి 2022ల బయటపెట్టిండ్రు. అక్షరాలతోని రాసిన పూర్తి వాక్యాలల్ల గంత పాతది ఇంకోటి దొరకలేదంట. ఏం రాసుంటదనుకున్నరు? రాజు గొప్పలు కాదు, దేవుని పొగడ్త కాదు. ఈ దంతం ఎంటికలల్ల, గడ్డంల ఉన్న పేన్లను ఊడబెరకాలె అని. ఏనుగు దంతం కొనేటంత ఉన్నోళ్లది ఆ దువ్వెన. వాళ్లకు సుత ఉన్నయన్నట్టే గదా!

ఇగ మేడారం ముచ్చట. మీరు కార్లల్ల పొద్దున పోయి రాత్రికి వస్తున్నరు. మేము ఎడ్లబండ్ల మీద పోయినం. రెండేండ్లకోసారి మాఘమాసంల సమ్మక్క సారలమ్మ జాతర వచ్చిందంటె, ఊరు ఊరంత బండ్లు కట్టేది. రాత్రయితే అడవిల బండ్లు ఆపి, గడ్డి పరిచి, పిల్లలందరిని ఒక్క బొంత కింద పండబెట్టేటోళ్లు. మాఘమాసం చలి మీకెర్కనే. ఒకరి నెత్తికి ఒకరి నెత్తి ఆనిచ్చి ముడుచుకొని పండుకుంటుంటిమి. మేనత్త బిడ్డలు, పక్కూరోళ్లు, బండి తోలెటోని బిడ్డ, అందరం గా బొంతలనే. అమ్మవారికి నిలువెత్తు బంగారమని బెల్లం తూకమేసి ఇచ్చి వచ్చినం. తిరిగి వచ్చినంక కొన్నాళ్లు ఏం లేదు. నెల దాటిందంటె సాలు, ఊరంత గోకుడు మొదలు. నాయనమ్మ "అడవి గాలి తాకింది" అనేది. ఇంకొకామె వాగు నీళ్లల్ల తానం చేసినందుకనేది. ఆఖరుకు ఆ తప్పు మోసింది ఎవరు? బండి తోలెటోని బిడ్డ. దాని లంగ చినిగి ఉండె, అందుకని.

నేను నర్సు ట్రైనింగుకు పోయినంక ఈ లెక్క తెలిసింది. పేను కరిస్తె ఎంటనే దురద రాదు. అది రక్తం పీల్చేటప్పుడు వదిలే ఉమ్ము మన ఒంటికి పడక దురద పుడతది. మొదటిసారి పేన్లు పట్టినోళ్లకు గా దురద తెలిసేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు పడతది. అంటే నువ్వు గోక్కునుడు మొదలుపెట్టిన రోజుకు అవి నీ నెత్తిల నెల కింది నుంచే కాపురం ఉన్నయి, ఈలోపల నువ్వు ఇంకో ఇద్దరికి పంచినవు గూడ. నిన్న నీ పక్కన కూసున్న పిల్ల అంటిచ్చిందని ఎట్ల అంటవు? ఆ పిల్లకు నువ్వే అంటిచ్చి ఉండొచ్చు.

ట్రైనింగుల మా మేడమ్ అద్దం కింద పెట్టి పేనును చూపించింది. నువ్వుగింజంత ఉంటది. ఆరు కాళ్లు, ఒక్కో కాలికి కొక్కెం తీరు గోరు, సరిగ్గ ఎంటిక పట్టుకునేటందుకే. రెక్కల్లేవు, ఎగరదు. దుంకదు. ఎంటిక ఎంబడి పాకుతది, గంతే. ఇంకో నెత్తి ఎంటిక ఆనితే దాని మీదికి పోతది. కుక్కల నుంచి, పిల్లుల నుంచి రాదు, మనిషి పేనుకు మనిషే కావాలె. ఆడ పేను రోజుకు ఎనిమిది దాక ఈపులు పెడతది, మాడుకు ఆనుకొని, ఎంటికకు బంక పెట్టి అతికిస్తది. మన నెత్తి వెచ్చదనం తగిలితేనే అవి పొదుగుతయి. వారం పది రోజులకు పిల్ల బయటికొస్తది, ఇంకో పది రోజులు తిరిగేసరికి అదీ గుడ్లు పెట్టేటంత అయితది. నెత్తి మీద నెలరోజుల దాక బతుకుతది. కింద పడ్డదంటె, రక్తం దొరకక ఒకటి రెండు రోజుల్ల సస్తది. మాడుకు దూరంగ ఎంటిక చివర్ల తెల్లగ కానొచ్చేవి చాలా మట్టుకు ఉత్త పొట్టులే. వాటిని చూసి పేన్లున్నయని కేకలు పెట్టే తల్లులను మస్తుగ చూసిన. పాకే పేను కండ్లకు కనపడాలె.

మురికి వల్ల వస్తయనుడు ఎక్కడి మాటో మరి. ఏ రోజుకారోజు తానం చేసే నెత్తి అయినా, వారానికోసారి చేసేదైనా పేనుకు ఒకటే.

మా ఊరి గడిల ఒకసారి ఏమైందంటె, దొరసాని చిన్నబిడ్డ నెత్తి గోక్కుంటున్నదని గోల లేసింది. ఆ పిల్లకు మోకాళ్ల దాక జడ. జీతముండే పిల్ల ఒకతి ఆమెతోని పగలంత ఓనగుంటలాడేది. ఇద్దరు గుంటల పలక మీదికి వంగితే నొసలు నొసలు తాకేవి. ఇగ చెప్పేదేముంది, జీతపు పిల్ల వల్లనే వచ్చినయని మంగలిని పిలిచి దానికి గుండు కొట్టిచ్చిండ్రు. ఆ పిల్ల మూడు రోజులు ఇల్లు కదలలే. పండుగ వచ్చింది, పోయింది. గడిల గోకుడు మాత్రం ఆగలే. ఆఖరుకు మా నాయనమ్మను పిలిపిచ్చిండ్రు. ఆమె దొరసాని బిడ్డ నెత్తి చూసింది, చూసినంక, "అమ్మా, మీ నెత్తి గూడ జర చూద్దునా?" అన్నది. దొరసాని ఇంతెత్తు లేసింది. లేసి, ఇంత సేపటికి తలుపు పెట్టిచ్చి కూసున్నది. బిడ్డను రాత్రిపూట పక్కల ఏసుకొని పండుకునేది ఆమెనే గదా. ఆ రోజు నాయనమ్మకు రెండు సోలల బియ్యం, ఒక రైక గుడ్డ ఇచ్చిండ్రు. మాట బయటికి రావద్దని. ఆ రైక తొడుక్కొని అరుగు మీద కూసొని అందరికి చెప్పిందనుకోండ్రి.

గుండు వల్ల పేన్లు పోతయి, నిజమే. పట్టుకోనీకి ఎంటికే లేకుంటె గుడ్డు ఎక్కడ పెడతది? ఏములాడ రాజన్నకు పుట్టెంటికలు ఇచ్చొచ్చిన పిల్లలకు మల్ల ఎంటికలు పెరిగేదాక ఆ బాధ లేకుండె. అది మొక్కు. ఆడపిల్లకు శిక్ష లెక్క గుండు కొట్టిచ్చుడు వేరే. ఉపాయం చేతిల ఉన్నంక ఆ పని ఎందుకు?

మందుల పేరు మీద చేసిన పాడుపనులు చెప్తే రాత్రికి మీకు నిద్ర పట్టదు. కిరసనాయిలు రాసి గుడ్డ కట్టేటోళ్లు. ఒకామె గట్లనే పొయ్యి కాడికి పోయింది. ఇగ అంతకంటె చెప్పను. చీమలకు చల్లే గమాక్సిన్ పొడి నెత్తికి పట్టించేటోళ్లు. అది నరాలను దెబ్బకొట్టే ఇషం, పిల్లలకు ఫిట్స్ తెప్పిస్తది. 1997ల గమాక్సిన్ల ఉండే బీహెచ్‌సీ మందును మన దేశంల బందు పెట్టిండ్రు. చేన్లకు కొట్టే మందు రాసుకొని మా దవాఖానకు వచ్చినోళ్లు గూడ ఉన్నరు. కర్పూరం కలిపిన నూనె మంచిదే అంటరు గని, చంటిపిల్లలున్న ఇంట్ల వద్దు. పొరపాటున నోట్లకు పోతే ప్రాణం మీదికొస్తది.

అన్నిటికంటె నేను ఎక్కువ చూసింది సీతాఫలం గింజల సంగతి. దసరా దాటిందంటె మన అడవులల్ల సీతాఫలాలకు కొదువ లేదు. గింజలు ఎండబెట్టి, దంచి, నూనెల కలిపి నెత్తికి రాస్తరు. పేన్లు సస్తయి, అబద్ధం చెప్పను. నెత్తి కడిగేటప్పుడు ఆ నీళ్లు కంట్లకు జారినయంటె మాత్రం, నల్లగుడ్డు మీది పొర పుండయితది. కండ్లు నెత్తురు తీరు ఎర్రబడి, నీళ్లు కారుకుంట, వెలుగు చూడలేక, కొంగు మొఖం మీదికి లాక్కొని వచ్చే ఆడోళ్లు. "ఏం పడ్డదమ్మా కంట్ల?" అంటే సిగ్గుతోని చెప్పకపోతుండిరి. పేన్లని చెప్పాలె గదా మరి. చెప్పేసరికి ఆలస్యమయ్యేది. పుణ్యానికి చాలామందికి చుక్కల మందుతోని మానింది. దినాలకొద్ది కండ్లు మూసుకొని పండుకునుడు తప్పలే.

నెత్తి మీద గుండ్రంగ ఎంటికలు ఊడితే పేనుకొరుకుడని ఉల్లిగడ్డ రుద్దుడు ఇంకోటి. దాంతోని పేనుకు ఏం లేదు. ఒంట్ల రోగాలతోని కొట్లాడే శక్తి దారి తప్పి ఎంటికల కుదుర్ల మీద పడతది. దానికి డాక్టరు కాడికి పోవాలె.

అట్లని అన్ని పేన్లు ఒకటి కావు. బట్టలల్ల, కుట్ల సందులల్ల దాక్కొని ఒంటిని కరిచే పేను ఇంకోటున్నది. అది టైఫస్ జ్వరాన్ని మోస్తది. ట్యూనిస్ పట్నంల షార్ల్ నికోల్ అనే ఫ్రెంచ్ డాక్టరు ఆ సంగతి పట్టిండు. ఊర్లల్ల రోగి ఉన్న ఇల్లంత జ్వరం పాకుతున్నది, దవాఖాన వార్డుల మాత్రం పక్క మంచమోనికి అంటుత లేదు. ఎందుకని చూస్తే, లోపలికి తీసుకునేటప్పుడు రోగికి తానం చేయించి, బట్టలు ఇప్పిస్తున్నరు. ఆ బట్టలు ముట్టినోళ్లకే జ్వరం వస్తున్నది. 1909ల పేనే దాన్ని మోస్తదని రుజువు చేసిండు, 1928ల నోబెల్ ఇచ్చిండ్రు. రెండో ప్రపంచ యుద్ధంల, 1943 చలికాలం, నేపుల్స్‌ల గా జ్వరం లేస్తే జనాల మీద డీడీటీ పొడి కొట్టి ఆపిండ్రు. ఇదంత పరీక్షకని బట్టీ పట్టిన, ఇప్పటికి మర్చిపోలే. నెత్తి పేను అసొంటిది కాదు. దురద, గోక్కుంటె పుండ్లు, పిల్లలకు నిద్ర చెడుడు, గంతే. జ్వరం మోయదు. దాన్ని చూసి గింత భయమెందుకు?

బిడ్డా, నీ నెత్తి రేపు నేను చూస్త. షాంపూ పెట్టి, దాని మీద మీరు రాసుకుంటరే, ఆ కండిషనర్, అది దండిగ రాసి కడగకుండ ఉంచాలె. తడి నెత్తిల పేను పరుగెత్తలేదు, జారుడుకు ఎంటికనూ గట్టిగ పట్టుకోలేదు. సన్నపండ్ల ఇనుప దువ్వెనతోని మాడు నుంచి చివరిదాక పాయ పాయ దువ్వి, ప్రతిసారి దువ్వెనను తెల్లగుడ్డకు తుడిచి చూడాలె. అయిపోలేదు. మూడు నాలుగు రోజులకు మల్ల, ఆ తర్వాత మల్ల, రెండు వారాలు. ఎందుకంటె ఇయ్యాల దువ్వెనకు దొరకని ఈపి వచ్చే వారం పిల్లయితది. ఆ పిల్ల గుడ్లు పెట్టకముందే పట్టాలె. మా అరుగు మీది ముసలోళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పలే గని, రోజు తప్పిచ్చి రోజు కూసునేటోళ్లు, దాంతోనే సగం గెలిచేటోళ్లు. కొరతల్లా అందరి నెత్తులు ఒక్క రోజు చూడకపోవుడే. ఒక నెత్తి బాగయితె పక్కింటి నెత్తి నుంచి మల్ల వచ్చేవి.

మందు షాపుల పర్మెత్రిన్ లోషన్ దొరుకుతది. షాంపూ చేసి, తువ్వాలతోని తుడిచిన తడి నెత్తికి రాసి, పది నిమిషాలుంచి కడగాలె. ఈపులన్నిటిని అది చంపదు, అందుకే తొమ్మిది పది రోజులకు ఇంకోసారి. కొన్నికాడ పేన్లు ఆ మందుకు అలవాటుపడ్డయి, రెండుసార్లకు పోకుంటె డాక్టరును అడగాలె, ఇంకా ఎక్కువ రాసుకునుడు కాదు. పేన్లు లేనోళ్లకు ముందుజాగ్రత్తకని రాసుడు గూడ వద్దు. చూసుడు మాత్రం ఇంట్ల అందరికి.

మెత్త గలీబులు, దుప్పట్లు, తువ్వాలలు కాగిన నీళ్లల్ల ఉతికి ఎండల ఏస్తె సాలు. ఉతకరానివి మూట గట్టి పక్కకు పెడితె అవే సస్తయి. పరుపులు తగలబెట్టుడు, ఇల్లంత మందు కొట్టుడు ఒట్టి దండుగ.

మల్ల రాకుండనా? హాస్టల్ల మంచాలు దగ్గర దగ్గరుంటయి, ఒకరి తలదిక్కు ఇంకొకరి కాళ్లదిక్కు పెట్టి పండుకోండ్రి. జుట్టు ఇరబోసుకొని తిరుగకుండ రెండు జడలు బిగిచ్చి పైకి మడిచి కట్టుకో, బడిల పంతులమ్మలు రిబ్బన్లు కట్టమనేది ఊరికెనే కాదు. దువ్వెన, చున్నీ, తువ్వాల ఎవరిది వాళ్లకే. పోయిన వారం నీ దోస్తు చున్నీ నువ్వు కట్టుకొని ఫోటో పంపినవు, మర్చిపోయినవా? అయినా చున్నీకంటె తలకు తల ఆనేదే ఎక్కువ. పూర్తిగ ఆపలేం. చిన్నపిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఆడకుంటె వాళ్లు పిల్లలెట్లయితరు? అందుకే ఆదివారం ఆదివారం ఒకసారి దువ్వెన పెట్టి చూసుకుంటె, నెత్తి నిండకముందే దొరుకుతయి.

డాలస్‌ల ఉన్న మీ చిన్నమ్మకు పోయినేడు గదే అయింది. పిల్ల నెత్తిల పేన్లున్నయని బడి నుంచి చిట్టీ వచ్చిందంట. అర్ధరాత్రి ఫోన్ చేసి ఒకటే ఏడ్సుడు. "అమ్మా, అమెరికాల పేన్లేంది?" అంటది. అమెరికాల మనుషులు లేరా మరి? పిల్లను బడి మాన్పిస్తనన్నది. అక్కడి పిల్లల డాక్టర్లే పేన్ల కోసం బడి మాన్పియ్యద్దని చెప్తరంట, బడి నుంచి వచ్చిన ఆ చిట్టీల గూడ రాసిండ్రట, ఈమె చదవనే లేదు. అక్కడ పేన్లు తీయనీకి దుకాణాలుంటయంట, గంటల లెక్కన డాలర్లు తీసుకుంటరంట! ఇగ చూడు, మా అరుగు మీద ఉట్టిగ అయ్యే పని. నేను వద్దని, దువ్వెన పట్టుకొమ్మని, వీడియోల చూపించుకుంట దువ్వించిన. వారం తిరిగింది, పిల్లకు తగ్గింది, మల్ల మొదలైంది.

"నీ నెత్తి ఎవరు చూసిండ్రే?" అన్న.

"నాకెవరున్నరమ్మా ఇక్కడ చూసేటోళ్లు" అన్నది.

అల్లున్ని పిలువుమన్న. పాపం, తలకు పెట్టుకునే లైటొకటి పెట్టుకొని, పెండ్లాం ఎనక కుర్చీ ఏసుకొని కూసున్నడు. మొగోడు పేన్లు చూసుడు నా జన్మల అదే చూసుడు. మొదట నేను చెప్పుకుంట ఉన్న, పాయ సన్నగ తీయమని, చెవులెనక, మెడ మీద బాగ చూడమని. ఇంత సేపటికి ఇద్దరు నన్ను మర్చిపోయి ఏదో ముచ్చట్ల పడ్డరు. ఇల్లు బాకీ గురించి మొదలై, పెండ్లయిన కొత్తల ఎప్పుడో అలిగిన సంగతి దాక పోయింది. నేను ఫోన్ పెట్టేసిన. తెల్లారి బిడ్డ చెప్తున్నది, "ఇన్నేండ్లల్ల ఆయన నాతోని గంత సేపు ఏనాడు మాట్లాడలేదమ్మా" అని. అల్లుడు మాత్రం కంప్యూటర్ల పట్టిక గీసి, ఏ రోజు ఎన్ని దొరికినయో రాసి నాకు పంపిండు. చెవులెనకవి వేరే గడిల రాసిండు.